ఊడొచ్చిన బిళ్ళ

ఆదివారం, రాత్రి

మా చిన్నదాని చేతికి అంటించిన షుగర్ చూసే సెన్సార్ బిళ్ళ మూడు రోజులకే ఊడొచ్చింది. రెండు వారాలు ఉండాల్సింది. బడి లేదుగదా అని అత్తమ్మ మనవరాలికి ఒళ్ళంతా నూనె పట్టించి, సున్నిపిండితో రుద్ది తలంటింది. పిండితోపాటే అదీ ఊడి చేతిలోకి వచ్చిందంట.

"ఏందమ్మా, నీళ్ళకి ఊడదన్నావే ఈ బిళ్ళ?" అని తెచ్చి నాకిచ్చింది. నీళ్ళకి ఊడదన్నా, నిజమే. నూనె సంగతి నాకు మాత్రం ఎవరు చెప్పారు?

ఫోను ఆనిస్తే షుగర్ ఎంతుందో చూపించేదొకటి, షుగర్ పడిపోతే తనే మోగేదొకటి, రెండు రకాలున్నాయన్నారు డాక్టరు గారు. పోయిన నెల తెల్లారుజామున షుగర్ పడిపోయి పిల్ల పళ్ళు బిగబట్టింది గుర్తొచ్చి, మోగేదే కావాలన్నా. పేటలో మందుల షాపతను గుంటూరు నుంచి తెప్పిస్తానని పది రోజులు తిప్పాడు. ఇంకోటి ఎప్పుడొచ్చుద్దో. అందాకా మళ్ళీ నడిరాత్రి లేవడం, వేలికి సూది గుచ్చడం. ఓపిక లేదు నాకు.

ఆ కోపంలో అత్తమ్మని చానా మాటలన్నా.

ఇందాక సూది గుచ్చుతుంటే చిన్నది అంది: "నాన్నమ్మని తిట్టబాకమ్మా. షుగర్ పడిపోయి చెమట పట్టిందేమోనని రోజూ రాత్రి లేచి నా మెడ తడుముద్ది. బిళ్ళ ఉన్నప్పుడు కూడా తడిమింది."

బిళ్ళ ఉందన్న ధైర్యంతో ఆ మూడు రాత్రులూ నేను ఒళ్ళు తెలియకుండా నిద్రపోయా.

ఆమె నిద్రపోలేదు.