రాలిన గింజలు

మే 28
మా తమాలే ఊరి బజారులోకి తూకం వచ్చింది. ఇక మొక్కజొన్న గిన్నెతో కొలవకూడదట. నాకైతే భలే సరదాగా ఉంది. అందరూ వెళ్ళాక స్కేల్ మీద నా చెప్పులు పెట్టి చూశాను. తర్వాత పక్కకొట్టు మెమునాటు కోడిని. అది కుదురుగా నిలబడితేగా!

మే 29
కొనేవాళ్ళు గిన్నె చుట్టూ చేతులు అడ్డం పెట్టి ఇంకా పొయ్యమంటారు. మేం గిన్నె అడుగు ముందే లోపలికి నొక్కి ఉంచుతాం. ఇద్దరం దొంగలమే. స్కేల్ దగ్గర ఈ వేషాలు సాగవు. మా బజారు పెద్దమ్మ ఫుసేనా మాత్రం, ఇనప ముక్కని నమ్మి నన్ను నమ్మవా అని తూకం తెచ్చిన ఆఫీసర్‌ని దులిపేసింది.

జూన్ 6
గొడవల్లేవు. కొత్త పంటకి ఇంకా చాలా రోజులున్నాయి, అందరిళ్ళలోనూ గాదెలు ఖాళీ. ఇప్పుడే కదా ఫెయిర్‌గా ఉండాల్సింది.

జూన్ 9
మా బజారు ఊడ్చే అజారా అవ్వ మిట్టమధ్యాహ్నమే చీపురు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఎందుకో?

జూన్ 10
అడిగాను. ఊడవడానికి ఏముందే తల్లీ, నేల అద్దంలా ఉంటే, అంది నవ్వుతూనే.

నా బుర్ర తిరిగిపోయింది. మా బజార్లో కింద పడ్డ గింజ అమ్మినదానిదీ కాదు, కొన్నదానిదీ కాదు. ఊడ్చుకునే ముసలమ్మది. మా అమ్మమ్మ నాటి నుంచీ అంతే. అవ్వా, తల్లిలేని మనవరాలూ ఆ గింజలు చెరుక్కునే సంగటి వండుకుంటారు. గిన్నె మీద గోపురం కడితే గింజ రాలేది. చేటతో స్కేల్ మీది సంచిలో పోస్తే ఏం రాలుతుంది?

ఒక గిన్నెడు ఇవ్వబోయాను. నేనేమన్నా అడుక్కునేదాన్నా అని కడిగేసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

జూన్ 13
అవ్వ రాలేదు.

జూన్ 14
వచ్చింది. మనవరాలికి పెట్టి తను నీళ్ళు తాగి పడుకుంటోందని మెమునాటు చెప్పింది. తూకం అవతల పారెయ్యండి అంటుంది ఫుసేనా. పారేస్తే మళ్ళీ నొక్కిన గిన్నెలేగా? కొనేవాళ్ళవి మాత్రం కడుపులు కావా?

జూన్ 17
రాశి నుంచి ఎత్తుతుంటే నా చేట జారింది. గింజలు స్కేల్ దాకా చేరకముందే రాలాయి. కొన్నామెకి తూకం తగ్గలేదు, పోయింది నాదే. మెమునాటు చూసింది. కాసేపటికి దాని చేటా జారింది.

జూన్ 20
ఈ ఆడవాళ్ళ చేతులకేం రోగమొచ్చిందని ఆఫీసర్ అడిగాడట. నీ తూకం చూస్తేనే భయం నాయనా అందట ఫుసేనా. తన కొట్టు ముందు నేలంతా గింజలే.

జూన్ 21
ఇంత దుబారా మనిషివి, నీ మొగుడెలా వేగుతున్నాడే అని అవ్వ నన్ను తిట్టింది. చీపురు ఆపకుండానే.