నీళ్ళ వెంట నడక

అక్కా, నేను బాగానే ఉన్నాను. "ఈ పని నా వల్ల కాదు, వచ్చేస్తున్నా" అని కిందటి కార్డులో రాసిన మాట మరిచిపో.

ఈ పాత హాస్టలు పైపులన్నీ మార్చే పని నా నెత్తిన పెట్టారు కదా. మొదటి వారమంతా ప్లాను ముందేసుకుని కూర్చున్నాను. అందులో తోటకని రాసి ఉన్న వాల్వు కట్టేస్తే, వార్డెనమ్మ స్నానాల గదిలో నీళ్ళు ఆగిపోయాయి. ఆవిడ తలనిండా నురగతో వరండాలోకొచ్చి, "ఎవరే ఆ ఇంజినీరు?" అని ఒకటే కేకలు. నాకు తల కొట్టేసినట్టయింది.

అందరూ నవ్వారు, ఇక్కడి ముసలి పంపు మేస్త్రి మాత్రం నవ్వలేదు. "ఇది గీసినాయన పోయి ముప్ఫై ఏళ్ళయింది తల్లీ. ఆ తర్వాత ఎవరికి తోచినట్టు వాళ్ళు పైపులు తిప్పేశారు. కాగితం చుట్టేసి నీళ్ళ వెంట నడువు" అన్నాడు. కర్ర ఒక కొస పైపుకి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని లోపలి నీళ్ళ చప్పుడు వినడం నేర్పాడు. ఇప్పుడు పొద్దున్నే కర్ర, సుద్దముక్క పట్టుకుని గోడగోడా తిరుగుతున్నాను. యాభై మూడు వాల్వులకు అంకెలు వేశాను. ఇంకా ఎన్నున్నాయో తెలీదు, తేల్చందే వదలను. వార్డెనమ్మ నన్ను అడిగిగానీ స్నానానికి వెళ్ళడం లేదు!

చెప్పులు అరిగిపోయాయి, నా పాత బూట్లు పంపు. వంటింటి కుళాయి ఇంకా కారుతోందా? ఎవరినీ పిలవకు, వచ్చినప్పుడు నేనే చూస్తాను. అమ్మ మోకాలికి మందు రాయడం మానకు. బావగారికి నమస్కారాలు, చంటిదానికి ముద్దులు.

నేనొస్తానని అమ్మ నా మంచం మీది బట్టల గుట్ట తీయించిందని రాశావు. మళ్ళీ అక్కడే పెట్టేయమను.

నీ చెల్లి