పటాయాలో ఆయన పేరు

2009 జనవరి 22, గురువారం

సర్దడం అయింది. సగం పెట్టె బట్టలు, సగం పెట్టె తిండి. సకినాలు, కారప్పొడి, చింతకాయ తొక్కు. "తిండంతా మనదే మేడం" అన్నాడు టూరు ఏజెంటు. ఇంత చవకలో బ్యాంకాక్ చూపించేవాడు పప్పన్నం కూడా పెడతాడంటే నమ్మేదెట్లా...

మా పిల్లవాడు బంటీని చర్లలో నా చెల్లె దగ్గర వదిలి వచ్చాం. వాడికి ఏడుపు లేదు. నాకే.

అమ్మమ్మ కూడా అక్కడే ఉంది. విమానం అనగానే ఒకటే మాట — "పైకి పోయినంక ఆయన పేరు తియ్యకు బిడ్డా." కింద ఉన్నప్పుడు మాత్రం ఎప్పుడు తీశాను? పెళ్ళయి పన్నెండేళ్ళు. కొత్తకోడలిగా వచ్చిననాడు గడప దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలబడి చెప్పించారు, ఆ ఒక్కసారే. మొగుడి పేరు తీస్తే ఆయుష్షు తరుగుతుందట. మా ఆయన సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో డంపర్ లారీ నడుపుతాడు. రోజూ బ్లాస్టింగ్, రోజూ దుమ్ము. ఇంకా నేను కూడా తగ్గించాలా? ఈ డైరీలోనూ రాయను.

జనవరి 23, శుక్రవారం

ఖమ్మం స్టేషన్. చెన్నై బండి లేటు. మా కాలనీ వాళ్ళందరి నెత్తిన ఏజెంటు ఇచ్చిన పసుపు టోపీలు. బంతితోటలా ఉన్నాం.

ఎక్కడినుంచో ఒకామె వచ్చి ఆయన వీపు మీద చరిచింది. పేరు పెట్టి. అదీ పూర్తి పేరు కాదు, ఇంట్లో పిలిచే పొట్టి పేరు.

"అరే —, నువ్వారా! గట్లనే ఉన్నవ్. పొట్ట ఒక్కటే పెరిగింది."

సునీత. ఏన్కూరు హైస్కూల్లో ఆయనతో చదివిందట. ఇప్పుడు ఖమ్మంలో ఇన్సూరెన్స్ ఆఫీసు. భర్త లెక్చరర్. ఇద్దరూ మా టూరులోనే.

ఆయన నవ్వాడు. పళ్ళన్నీ కనపడేట్టు. ఆ పళ్ళు చూసి ఎన్నాళ్ళయిందో నాకు.

నన్ను "వదినా" అంది. మంచిదే. నేను వదిననైతే ఆయన అన్న కావాలి గదా? ఆయనకి మాత్రం పేరు. ఏం వరసమ్మా ఇది!

జనవరి 24, శనివారం

చెన్నై ఎయిర్‌పోర్ట్. పెట్టెలో పగులుతుందని తొక్కు సీసా చేతిసంచిలో పెట్టుకున్నాను. పోనివ్వలేదు. అక్కడి అమ్మాయి మూత తీసి వాసన చూసి గట్టిగా తుమ్మింది. తీసుకెళ్ళి చెత్తడబ్బాలో పడేసింది. వద్దు వద్దంటున్నా.

సునీత — "అయ్యో వదినా, పెద్ద పెట్టెల ఎయ్యాలె గదా. నా ఆవకాయ గట్లనే ఏసిన."

తెలివైనదే. ఎవరు కాదన్నారు.

విమానంలో మంచినీళ్ళు కూడా కొనుక్కోవాలట. లేచేటప్పుడు భయమేసి ఆయన చెయ్యి పట్టుకున్నా. విడిపించుకోలేదు. మబ్బులు కిందికి పోయేదాకా అట్లాగే ఉంచాడు. బాగుంది.

జనవరి 25, ఆదివారం. పటాయా

గది అగ్గిపెట్టె అంత. కిటికీ తీస్తే పక్క హోటల్ గోడ. కానీ పక్క మీద దుప్పటి... ఎంత తెలుపో. సత్తుపల్లి క్వార్టర్లో బొగ్గుపొడికి నేను ఉతికిన తెల్లబట్ట ఒక్కటీ తెల్లగా మిగల్లేదు. దాని మీద పడుకుని చాలాసేపు లేవలేదు.

భోజనం — పప్పులో చక్కెర. అన్నం జిగట. అందరూ ముఖాలు చూసుకుంటున్నారు. సునీత ఆవకాయ డబ్బా తీసింది. ఆయన కలుపుకున్నాడు. ఒక ముద్ద. కళ్ళు మూసుకున్నాడు.

"అబ్బ. అచ్చం మా అమ్మ పెట్టినట్టే ఉన్నది."

అత్తమ్మ దగ్గర కూర్చుని ఆవకాయ నేర్చుకున్నది ఎవరు? అత్తమ్మ పోయి రెండేళ్ళు, ఆమె చేతి లెక్కతోనే కలుపుతున్నది ఎవరు? ఒక్కనాడు ఈ మాట అన్నాడా! కంచం ముందునుంచి లేచాను.

"ఏమైంది?"

"కడుపు నొప్పి."

నిజం కడుపునొప్పి లెక్చరర్‌గారికి పట్టుకుంది. మంచానికీ బాత్రూంకీ మధ్యే ఆయన విదేశీయాత్ర. గుమ్మం బయటనుంచి సునీత గొంతు — "ఏమండీ, మందు ఏసుకున్నరా?"

ఏమండీ! చూశావా. అంటే ఆయుష్షు సంగతి తనకీ తెలుసు. తన మొగుడిది తగ్గొద్దు. నా మొగుడిది తగ్గితే తగ్గనీ.

జనవరి 26, సోమవారం

పడవలో దీవికి. నీళ్ళు అడుగుదాకా కనపడుతున్నాయి. మన గోదారి పెద్దదే కానీ ఇంత తేటగా ఎప్పుడూ చూడలేదు. చెప్పులు విడిచి మోకాళ్ళదాకా దిగాను. చిన్నపిల్లలా నవ్వాను కూడా.

అది కాసేపే.

పారాషూట్. పడవ లాగుతుంటే మనిషి గాల్లోకి లేస్తాడు. ఆయన నా దగ్గరికే ముందు వచ్చాడు, అబద్ధం ఎందుకు.

"పోదామా? ఇద్దరం ఒక్కటే దాంట్ల పోవచ్చంట."

"చీరతోనా? అందరు చూస్తరు."

"నేనొస్త ఆగు, —!" అని సునీత. ప్యాంటు వేసుకుని వచ్చింది మరి.

లేచిపోయారు. కాళ్ళు ఊపుకుంటూ ఇద్దరూ. పైనుంచి ఆమె కేకలు. ప్రతి కేకలోనూ ఆయన పేరే. పైకి పోయాక తియ్యొద్దని కదా అమ్మమ్మ చెప్పింది! భద్రాద్రి రామయ్యా, క్షేమంగా దింపు తండ్రీ అని కళ్ళు మూసుకుని మొక్కాను. ఆయన్ని దింపమనే మొక్కాను. ఆమె గురించి వేరేగా ఏమీ అడగలేదు.

వద్దన్నదీ నేనే. మండుతున్నదీ నాకే.

జనవరి 27

బస్సులో బ్యాంకాక్. పొద్దుట్నుంచీ ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించలేదు.

జనవరి 28, బుధవారం

ఇవాళ జరిగింది రాయబుద్ధి కాలేదు. అయినా రాస్తాను.

మార్కెట్. మేడారం జాతరంత జనం. బంటీకి బొమ్మ కోసం ఒక కొట్టు ముందు ఆగాను. తలెత్తేసరికి పసుపు టోపీలు దూరంగా పోతున్నాయి. ఆయనా వాళ్ళలోనే.

"ఇగో! ఇగో, మిమ్మల్నే!"

మా కాలనీ రాజమ్మ మొగుడు వెనక్కి తిరిగి చూసి, నన్ను కాదులే అని మళ్ళీ నడిచాడు. ఆయన తిరగలేదు. "ఏమయ్యా!" మళ్ళీ అరిచాను. అప్పుడు ముందునుంచి సునీత పిలిచింది, పేరు పెట్టి. ఎంత గట్టిగానో కాదు, మామూలుగానే. టక్కున తల తిప్పాడు. ఇటు కాదు, అటు. ఇద్దరూ మూల తిరిగారు. అంతే.

కొట్లన్నీ ఒకేలా ఉన్నాయి. ఎటు పోయినా చొక్కాలూ చెప్పులే. ఏడుపొచ్చింది. ఒకమ్మాయి చెయ్యి పట్టుకుని మైకున్న గదికి తీసుకెళ్ళింది. అక్కడ యూనిఫాం అతను, వచ్చీరాని ఇంగ్లీషు, నాదీ అంతే. హస్బెండ్ నేమ్? అన్నాడు.

నోరు తెరిచాను. పేరు నాలుక మీదే ఉంది. కళ్ళ ముందు అమ్మమ్మ ముఖం, చెవిలో గని సైరన్. మూసుకున్నాను.

"బంటీ ఫాదర్" అన్నాను.

కాలనీలో అందరికీ ఆయన బంటీ వాళ్ళ నాన్నే. తప్పేముంది అనుకున్నా. అతను మైకు పట్టుకున్నాడు. మార్కెట్ అంతా మోగింది — మిస్టర్ బంటీ, మిస్టర్ బంటీ ఫ్రమ్ ఇండియా... పదేళ్ళ నా కొడుకుని బ్యాంకాక్ అంతా వెతికిస్తున్నాను. వాడు చర్లలో గోళీలాడుతున్నాడు.

చాలాసేపటికి వచ్చారు. ముందు సునీత, పరిగెత్తుకుంటూ. వెనక ఆయన.

"మైకుల బంటీ అనంగనే వదిన పనే అన్న. గీ మొద్దుకు సమజ్ గాలె. షర్టులు బేరం చేస్తున్నడు!"

నన్ను గట్టిగా పట్టుకుంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు. నేను దొరికింది కూడా ఆమె వల్లే. ఆ సంగతి రాయడానికి ఎంత కష్టంగా ఉందో.

గదికి వచ్చాక ఆయన అరిచాడు. నా మీద ఎప్పుడూ అరిచే మనిషి కాదు.

"మొగుని పేరు అడిగితే కొడుకు పేరు చెప్తవా? చెప్తే నా పాణం పోతదా?"

"పోతదేమో."

"పోతే పోనీ!"

తర్వాత మంచం చివర కూర్చున్నాడు. నా వైపు చూడకుండానే — "పనికాడ ఆపరేటర్ అంటరు. కాలనీల బంటీ నాన్న. నువ్వు ఇగో అంటవు. అమ్మ పోయినంక నన్ను నా పేరుతోటి పిలిచినోళ్ళు లేరు విజయా. సునీత స్టేషన్ల పిలిస్తే... ఎవరినో అనుకున్న ముందు."

నీళ్ళు తాగి పడుకున్నాను. ఇక్కడా తెల్ల దుప్పటే, దాని మీద ఇటు తిరిగి.

జనవరి 30

చెన్నై. ఇడ్లీ, వేడి సాంబారు. లెక్చరర్‌గారు ఎనిమిది తిన్నారు. లోకమంతా తిరిగి వచ్చిన మనిషిలా ఉంది ఆయన ముఖం.

ఫిబ్రవరి 1, ఆదివారం

ఇల్లు. కిటికీ రెక్క మీద వేలితో గీస్తే నల్లగా. బంటీ బొమ్మ చూసి, "గిది సత్తుపల్లిల గూడ దొరుకుతది" అన్నాడు.

ఆవకాయ జాడీ ముందర పెట్టాను. అన్నంలో కలుపుకున్నాడు, తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు. నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

ఫిబ్రవరి 3

సునీత ఫోను. "వదినా, — ఉన్నడా? ఫొటోలు కడిగించిన, చూసుకోమను." ఉన్నాడు అని ఇచ్చాను. ఆయన వరండాలో నవ్వుతూ మాట్లాడుతుంటే నేను వంటింట్లో పోపు మాడ్చాను. ఆమె మీద కోపం తెచ్చుకుందామంటే నన్ను వెతికి పట్టుకున్న ఆ చేతులు గుర్తొస్తాయి. పోనీలే అనుకుందామంటే ఆ పిలుపు. నా ఇంట్లో, నా ఫోన్లో.

నేనూ పిలవొచ్చు. కానీ ఆమె పిలిచినట్టు పిలిస్తే అది ఆమె పిలుపే అవుతుంది. అత్తమ్మ పిలిచినట్టు పిలిస్తే అత్తమ్మది. నాదేది?

ఫిబ్రవరి 5, గురువారం

ఆయన ఫస్ట్ షిఫ్టు. పొద్దున టిఫిన్ డబ్బా మర్చిపోయాడు. గేటుదాకా ఉరికాను. "ఇగో! ఇగో!" స్కూటర్ చప్పుడులో వినపడలేదు. డబ్బా పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఎదురింటి రాజమ్మ చూసి నవ్వింది. "పేరు పెట్టి పిలువరాదు, బ్యాంకాక్ పోయొచ్చినవ్ గదా!"

మధ్యాహ్నం. ఇంట్లో ఎవరూ లేరు. గడప దగ్గర ఆడబిడ్డలు చెప్పించిన పేరు గుర్తొచ్చింది. పొట్టిది కాదు, పూర్తిది. వినపడలేదని మళ్ళీ మళ్ళీ చెప్పించారు. ఆయన పక్కనే తలొంచుకుని ముసిముసిగా నవ్వుతున్నాడు. అట్లా పూర్తిగా ఆయన్ని సునీత పిలవలేదు. అత్తమ్మా పిలవలేదు.

శ్రీనివాసు.

రాశాను. అప్పుడే గని సైరన్. వెంటనే బ్లాస్టింగ్, కిటికీలు గడగడలాడాయి, అలమరలో గిన్నెలు కదిలాయి. రోజూ ఉండేదే. అయినా ఆ పేరు కొట్టేశాను.

షిఫ్టు దిగే టైము దాటింది. స్కూటర్ చప్పుడు లేదు. మళ్ళీ రెండుసార్లు గేటుదాకా పోయి వచ్చాను. సందు చివరిదాకా ఎవరూ లేరు. కొట్టేసింది తప్పా, రాసింది తప్పా...

కొట్టేసిన దాని కిందే మళ్ళీ రాస్తున్నాను. శ్రీనివాసు.

మూల మీద స్కూటర్. ఆయనదే, ఆ దగ్గు చప్పుడు ఆ స్కూటర్‌దే. పోతున్నాను. రాజమ్మ వాకిట్లోనే ఉంది, ఉండనీ. పేరు నోట్లోనే ఉంది —