ఆఖరి పాదం

యోర్దాన్ పేట, ఆమ్‌స్టర్‌డామ్
మంగళవారం, 12 మార్చి 1996

అమ్మకు,

ఇక్కడ అందరం కులాసా. లేలిస్టాడ్‌లో నువ్వూ, నీ మోకాళ్ళూ కులాసా అనుకుంటాను.

ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి ట్రూస్ అత్తయ్య బారులో నాన్న పాట టేపు వేశారు. ఆయన పోయి పదిహేడేళ్లు. ఆ టేపు నాన్న అకార్డియన్ పెట్టెలో దొరికిందని తమ్ముడు ఎవెర్ట్ అంటున్నాడు. నాకు నమ్మకం కుదరలేదు.

వాడు సరిగ్గా తింటున్నాడా అని అడిగావు. తింటున్నాడు. బఠానీల పులుసు రెండు గిన్నెలు లాగించాడు. జనం నాన్నని, వాళ్ళ రినుస్‌ని, ఇంకా తలుచుకుంటారా అనీ అడిగావు. మొన్న పడవలో వెళ్తున్న పెళ్ళివారు ఆయన పాటే అందుకున్నారు. పెళ్ళికూతురు ఆయన పోయేనాటికి మూడేళ్ళ పిల్ల. చేపల బండి తోసుకున్న ఆ మనిషి గొంతు లేకుండా ఈ పేటలో శవం కూడా లేవదు.

టేపులో ఉన్నది కాలువ పాట. నాన్న దాన్ని రికార్డుకి ఎన్నడూ ఇవ్వలేదు, బారులోనే పాడేవాడు. ఆఖరి పాదం జనానికే వదిలేసేవాడు. ఆదివారమూ అక్కడికి రాగానే బారంతా నోరు తెరిచింది. టేపులో గొంతు ఆగలేదు. ఆ పాదం కూడా తానే పాడేసింది. అందరూ తెరిచిన నోళ్ళతో ఉండిపోయారు.

"రినుస్ ఆ ముక్క ఎప్పుడు పాడాడే? మన నోట్లో పెట్టేసి తాను బీరందుకునేవాడుగా," అంది ట్రూస్ అత్తయ్య.

"పైకెళ్ళాక నేర్చుకున్నాడేమోలే," అన్నాడు ట్రాము నడిపే హెయిన్. జనం నవ్వారు.

ఎవెర్ట్ నవ్వలేదు. ఆ పాదం దగ్గర నోరు తెరవనిదీ వాడొక్కడే. అక్కడ గొంతు ఆగదని వాడికి ముందే తెలుసు. పెళ్ళిళ్ళలో నాన్న పాటలు పాడేదీ వాడే, గొంతూ అదే. శనివారం ఈ పాటే క్యాసెట్టుగా బజారుకి వస్తుంది.

బయటికి పిలిచి అడిగాను.

"నువ్వు పాడావా?"

"అక్కా, నీకు విలేకరి బుద్ధి ఇంటి గుమ్మం దాకా ఎందుకే?"

"పాడావా లేదా?"

"నాన్న గిన్నెలు తుడుస్తూ చివరిదాకా తానే పాడేవాడు. ఇంట్లో అందుకునేదెవరు? అమ్మకి వినిపించు. ఆవిడా ఆ పాదం దగ్గర నోరు తెరవదు."

నేను పెరిగింది హార్లెమ్‌లో అమ్మమ్మ దగ్గర. మీ వంటింట్లో ఏం వినిపించేదో నాకు తెలియదు.

ఇంతవరకూ చెప్పని సంగతి ఒకటుంది. టేపు దొంగదని వార్త రాసి నిన్ననే మా పత్రికకి ఇచ్చేశాను. అందులో ఎవెర్ట్ పేరుంది. శనివారం పొద్దున అచ్చవుతుంది. అది చదివాక వాణ్ణి ఈ పేటలో ఎవరూ పాడనివ్వరు. వార్త సంగతి వాడికి తెలియదు.

ఇదంతా రాశాక నీ ముందు టేపు వేయడం పరీక్ష కాదు. అయినా దాచిపెట్టి నిన్ను పరీక్షించలేను. నువ్వు ఏది చెబితే అదే ఒప్పుకుంటాను.

గురువారం పదింటి రైల్లో టేపుతో దిగుతున్నాను. వార్త వెనక్కి తీసుకోవడానికి శుక్రవారం సాయంత్రం ఐదింటిదాకా గడువుంది.

ఇట్లు,
నీ పెద్దకూతురు
గేర్టె