పనిమనిషి వేషం

లాస్ ఏంజెలిస్, మే 1943

ప్రియమైన ఓవెన్,

నువ్వు ఓడెక్కినప్పటి నుంచి నాకు ఒక్క పనీ సరిగ్గా చేతకావడం లేదు. నిన్న నాన్న హోటల్లో ఒకాయనకి సూప్ బదులు ఖాళీ గిన్నె పెట్టి వచ్చేశాను. మర్యాదస్తుడు, చెంచా పట్టుకుని చాలాసేపు ఎదురుచూశాడు.

ఆ పెళ్లిళ్ల ఆఫీసు గుమాస్తా మొహం నా కళ్లముందు నుంచి పోవడం లేదు. "అబ్బాయి తెల్లవాడు, అమ్మాయి చైనీస్. ఈ రాష్ట్రంలో కుదరదు. తర్వాత ఎవరు?" అన్నాడు, మాంసం కొట్టులో వరసని పిలిచినట్టు. నేను ఈ ఊళ్లోనే పుట్టానని చెబితే, "పుట్టావులే, ఆ మొహంతో పుట్టావుగా" అన్నాడు. నీకు ఇంకాస్త సెలవు దొరికుంటే సియాటిల్ పోయి చేసుకునేవాళ్లం. అక్కడ ఈ అడ్డు లేదు.

సరే, మంచి మాట విను. స్టూడియోలో యుద్ధం కథ ఒకటి తీస్తున్నారు. అమెరికన్ విమానం చైనాలో కూలిపోతుంది. దాన్ని నడిపినవాణ్ణి ఒక బడి పంతులమ్మ దాచిపెడుతుంది. ఇద్దరికీ ప్రేమ. ఆ పంతులమ్మ వేషానికి నన్ను పరీక్షించారు! డైరెక్టరు చూసి, "ఇంకెవరినీ వెతక్కండి" అన్నాడట. ఇన్నేళ్లూ గుంపు సీన్లలో బుట్టలు మోశాను ఓవెన్. ఇక చాలు.

నీ
ఎల్సీ

*

ఎక్కడో రాయకూడని చోటు, ఆగస్టు 1943

ప్రియమైన ఎల్సీ,

నీ ఉత్తరం చేతులు మారి మారి చిరిగే స్థితికొచ్చింది. యుద్ధాన్ని చిత్రించే మా సైనిక ఫిల్మ్ దళంలో అందరికీ చదివి వినిపించాను. ఆ స్టూడియోలో కెమెరా అసిస్టెంటుగా ఉన్నప్పుడు, గుంపులో నీ మీద లైటు పడేలా దొంగచాటుగా సర్దేవాణ్ణి. ఇప్పుడు వాళ్లే సర్దుతారన్నమాట.

సార్జంట్ కొవాల్‌స్కీ మాత్రం నమ్మడం లేదు. "నిజంగా హీరోయినేనా, వెనకాల నిలబడే పిల్లా?" అంటాడు. "పందెం! సినిమా వచ్చాక ఓడిపోయి నీ టోపీ నువ్వే నమిలి తింటావు" అన్నాను.

ఇక్కడ నేను తీసేవన్నీ కూలిన ఇళ్లు, స్ట్రెచర్ల మీద మోసుకెళ్లే మనుషులు. నీ మొహం తియ్యాలనుంది.

ఎప్పటికీ నీవాడు
ఓవెన్

*

లాస్ ఏంజెలిస్, అక్టోబరు 1943

ఓవెన్,

కొవాల్‌స్కీ టోపీ జోలికి పోవద్దని చెప్పు.

నిర్మాత గిల్‌మోర్ గారు పిలిపించి కూర్చోబెట్టారు. కుర్చీ చూపించినప్పుడే నాకు అనుమానం వచ్చింది.

"ఎల్సీ, నువ్వు బాగా చేశావమ్మా. మరీ బాగా చేశావు. అదే చిక్కు."

"ఏం చిక్కండీ?"

"హీరో తెల్లవాడు. ముద్దు సీను ఉంది. నీతో అయితే సెన్సారువాళ్లు ఒప్పుకోరు."

"కథలో ఆమె చైనీస్ అమ్మాయే కదండీ?"

"కథలో చైనీస్ అయితే పరవాలేదమ్మా. మనిషే చైనీస్ కాకూడదు."

ఆ వేషం వివియన్ హేల్‌కి ఇచ్చారు. పొద్దున్నే ఆమె కనురెప్పలకి రబ్బరు అతికించి, మొహానికి పసుపురంగు పులుముతారు. నడవడం, వంగి దణ్ణం పెట్టడం నేర్పించే పని నాది. మొన్న నన్ను అడిగింది: "ఎల్సీ, మీవాళ్లు ఏడ్చేటప్పుడు ఎలా ఏడుస్తారు?" "ఉల్లిపాయలు తరిగి ఏడుస్తామమ్మా" అన్నాను. పాపం, తల ఊపి వెళ్లిపోయింది. ఆమె చెడ్డది కాదు. అదే ఇంకా ఒళ్లు మండిస్తుంది, తిట్టుకోవడానికి కూడా వీల్లేదు.

నాకూ ఒక వేషం ఇచ్చారు. పంతులమ్మ ఇంట్లో పనిమనిషిని. టీ తెచ్చి, "అమ్మగారూ, విమానాలొస్తున్నాయి" అంటాను. ఒప్పందం మీద సంతకం పెట్టేశాను, కాదంటే ఇంకెక్కడా పని దొరకనివ్వరు.

ముగింపు కూడా మార్చేశారు. పంతులమ్మ బాంబు పడి చచ్చిపోతుంది. వాళ్లిద్దరికీ పెళ్లి చెయ్యడం కంటే ఆమెని చంపడమే సుళువైంది మరి. నాన్న విని, "సినిమాలో ఎవరు చచ్చినా నువ్వు మాత్రం అన్నం వేళకి రా" అన్నాడు.

ఎల్సీ

*

ఇటలీ, ఏప్రిల్ 1944

ప్రియమైన ఎల్సీ,

మీ సినిమా ఇక్కడికీ వచ్చింది. రెండు ట్రక్కుల మధ్య దుప్పటి కట్టి వేశారు. వివియన్ హేల్ చచ్చిపోతుంటే కుర్రాళ్లు ముక్కులు చీదుకున్నారు. నాకు మాత్రం ప్రొజెక్టరుని తన్నాలనిపించింది.

కొవాల్‌స్కీ నా చెవిలో, "ఏదిరా మీ ఆవిడ?" అన్నాడు.

"టీ తెచ్చిందే, ఆమె."

రీలు అయిపోయేదాకా తెర వైపే చూశాడు. తర్వాత, "ఆ పిల్ల తెర మీద ఉన్నంతసేపూ నేను ఇంకెవరినీ చూడలేదురా" అన్నాడు. వాడి మాట నీకు అందించకుండా ఉండలేకపోయాను.

ఒట్టేసి చెబుతున్నాను. నేను తిరిగొచ్చాక నిన్ను పనిమనిషిగా చూసేవాడి పళ్లు రాలగొడతాను.

నీ
ఓవెన్

*

నేపుల్స్, సైనిక ఆసుపత్రి, నవంబరు 1944

ప్రియమైన ఎల్సీ,

కంగారుపడకు. ప్రాణానికి ముప్పులేదు. బాంబు ముక్క తగిలిన కాలు మాత్రం ఇక వంగదు. క్రిస్మస్ కల్లా ఇంటికి పంపేస్తున్నారు.

పసడీనాలో తన వీధిలోనే అమ్మ మనకి ఇల్లు చూసింది. నిమ్మచెట్లు, వెనక నా సామాను పెట్టుకోవడానికి గది. ఒక్కటే చిక్కు. ఆ వీధి ఇళ్లలో తెల్లవాళ్లు తప్ప ఇంకెవరూ ఉండకూడదని షరతు ఉంది. పనివాళ్లయితే ఉండొచ్చట.

నేను చెప్పేది చివరిదాకా విను. ఇరుగుపొరుగు దృష్టిలో నువ్వు మా ఇంటి పనిమనిషివి. తలుపేసుకుంటే నా భార్యవి. ఏడాదో రెండేళ్లో, చట్టం మారేదాకా. పెళ్లి అప్పుడు చేసుకుందాం. ఇప్పుడే సియాటిల్ పోయి చేసుకుంటే ఆ ఇల్లు దక్కదు. కొట్లాడి కొట్లాడి అలిసిపోయాను, ఎల్సీ. నాకో కుర్చీ, నువ్వు, కాస్త నిశ్శబ్దం కావాలి, అంతే. అమ్మ కూడా ఇదే మర్యాదైన దారి అంటోంది. నీకు నటన కొత్త కాదుగా.

నీ
ఓవెన్

*

సియాటిల్, డిసెంబరు 1944

ఓవెన్,

నీ కాలు గురించి చదివి ఏడ్చాను. తర్వాతి పేజీ చదివి ఏడుపు ఆపేశాను.

గిల్‌మోర్ గారు నాకు టీ పళ్లెం ఇచ్చారు. నువ్వు చీపురు కూడా ఇస్తున్నావు. ఆయన కనీసం పొద్దుపోయాక ఇంటికి పంపేవారు.

నువ్వు అలిసిపోయావు, నిజమే. నేను అలిసిపోలేదా? మీ అమ్మగారికి కాఫీ పోసి, ఆవిడ స్నేహితుల ముందు కళ్లు దించుకుని, ఇరుగుపొరుగు వెళ్లాక నీ మంచం ఎక్కాలి. బిడ్డ పుడితే ఏం చెబుతావు? పనిమనిషి బిడ్డ అనా?

సమాధానం రాయడానికి కూర్చుని మూడు కాగితాలు చింపేశాను. అందుకని ముందు పెట్టె సర్దుకున్నాను. నాన్న స్టేషన్‌కి వచ్చి, దారిలో తినమని ఆవిరి రొట్టెలు కట్టిచ్చాడు. "వాడు వస్తాడా?" అని అడిగాడు. "తెలీదు" అన్నాను. "నువ్వు వెళ్తున్నావుగా, అది తెలిస్తే చాలు" అన్నాడు.

ఇక్కడ విమానాల ఫ్యాక్టరీలో చేరాను. రెక్కల రేకులు అతికేలా రివెట్లు కొడతాను. చెవులు హోరెత్తుతాయి. గది అద్దెకిచ్చిన మిసెస్ హాగెన్ వితంతువు, నార్వే మనిషి. మొదటిరోజే చెప్పేశాను: "నేను చేసుకోబోయేవాడు తెల్లవాడండీ. వస్తాడో రాడో తెలీదు." ఆవిడ తాళంచెవి నా చేతిలో పెట్టి, "వస్తే బూట్లు తుడుచుకుని లోపలికొస్తాడా?" అని మాత్రం అడిగింది.

నిన్ను రమ్మని బతిమాలడం లేదు. ఆ ఇంట్లోకి మాత్రం నేను రాను. నిమ్మచెట్లకి నీళ్లు పొయ్యడానికి ఇంకెవరినైనా చూసుకో.

ఎల్సీ ఫాంగ్

*

పసడీనా, జనవరి 1945

ఎల్సీ,

ప్రియమైన అని రాసే అర్హత ఉందో లేదో తెలీక ఊరికే పేరు రాశాను.

నీ ఉత్తరం వంటింట్లో అమ్మకి పూర్తిగా చదివి వినిపించాను. గిల్‌మోర్ మాట దగ్గర ఆగాను. ఆ వాక్యం మళ్లీ చదివాను.

అమ్మ నమ్మలేనట్టు చూసింది. "ఆ అమ్మాయి నిన్ను వద్దంటోందా?"

"లేదమ్మా. పనిమనిషి ఉద్యోగం వద్దంటోంది."

"మరి ఇల్లు?"

"నువ్వే ఉంచుకో."

ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసింది. నేను పెట్టె సర్దుకుంటుంటే వచ్చి గుమ్మంలో నిలబడింది, కానీ సాయం చెయ్యలేదు. బహుశా చెయ్యదు కూడా. అది నేను భరించాల్సిందే, నీ నెత్తిన పెట్టను.

తప్పు చేశానని పేజీలు నింపగలను. చదివే ఓపిక నీకు ఉండదు. ఈ ఉత్తరం వెనకాలే బండెక్కుతున్నాను. కర్రతో నడుస్తున్నాను కాబట్టి మీ కొండ వీధులు ఎక్కేసరికి ఆలస్యమవుతుంది. నువ్వు తలుపు తియ్యకపోవచ్చు. తియ్యాలని ఏం లేదు. మెట్ల మీద కూర్చుంటాను. దారినపోయేవాళ్లు ఎవరికోసం కూర్చున్నావని అడిగితే, ఎల్సీ ఫాంగ్ కోసం, ఆవిడ ఒప్పుకుంటే ఆవిడ మొగుడిని అవుదామని, వీధంతా వినబడేలా చెబుతాను.

ఓవెన్