లేస్తవు కాదు, లేపుత

ఇబ్రహీంపట్నం

గౌరవనీయులైన మత్తు డాక్టరు జగదీశ్వర్ గారికి,

రేపు ఉదయం మీ ఆసుపత్రిలో టాన్సిల్స్ ఆపరేషన్ జరగబోయే ఆరేళ్ళ అంకితకు నేను తాతను. తెలుగు ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాడిని.

నిన్న మీ నర్సమ్మ ప్రేమగానే, "ఫికర్ చేయకు బిడ్డా, మత్తిచ్చి పండబెట్టి..." అంటుండగా ఎవరో పిలిచారు, వెళ్ళిపోయింది. వాక్యం అసమాపక క్రియతో ఆగిపోయింది. అప్పటినుండి పిల్ల పక్క మీదికి రావడం లేదు. కూర్చునే కునుకుతోంది, ఉలికిపడి లేస్తోంది. నేనూ కుదురుగా ఉండలేకపోతున్నాను. మొన్న వేసవిలో మా ఇంటావిడ పోయినప్పుడు, "నానమ్మను వాకిట్ల పండబెట్టిండ్రు" అన్న మాట పిల్ల విన్నది. తరువాత జరిగినదీ చూసింది.

"పండబెట్టి ఏం జేస్తరు తాతా?" అని అడిగింది.

"ఏం లేదు బిడ్డా, అయినంక మల్ల లేస్తవు" అన్నాను.

"నానమ్మకు లేవ చాతగాలే గద. నాకెట్ల చాతనైతది?"

"నేను లేపుత."

"నిన్ను లోపలికి రానియ్యరు గద."



కనుక నా మనవి. మత్తు ఇచ్చేముందు 'పండబెట్టు' అన్న మాట విడిచి, "అంకితా, నువ్వు నిద్రపోతవు, అయినంక నేనే లేపుత" అని పూర్తి వాక్యం చెప్పండి. దయచేసి 'లేస్తవు' అనవద్దు. 'లేపుత' అనండి. ఆ గదిలో ఆ క్రియకు మీరు తప్ప కర్త లేరు.

భవదీయుడు,
అంకిత తాత