బావ రాసిన జవాబు

అక్కకి,

తమ్ముడు నమస్కరించి రాసేది. ఇక్కడ మేం క్షేమం, అక్కడ నువ్వూ పాపా కూడా క్షేమమనే అనుకుంటున్నాను. ఈ రెండు నెలలుగా ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా ఉత్తరం మొదలుపెట్టడానికి నాకు ఇంకో దారి తెలియదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మీ మరదలి మోకాలి నొప్పి తగ్గింది. మెట్లెక్కుతోంది, నన్ను తిట్టడం కూడా మళ్లీ మొదలుపెట్టింది. బావ కళ్లజోడు ఆఫీసు సొరుగులో దొరికింది, నా దగ్గర భద్రంగా ఉంచాను. పాప ఫొటో అందింది. నవ్వితే అచ్చం వాళ్ల నాన్నే. ఇక ఆ ఆఖరి రోజు బావ ఎలా ఉన్నాడు, నీ గురించి ఏమైనా అన్నాడా అని వరసగా మూడు ఉత్తరాల్లో అడిగావు. మామూలుగానే ఉన్నాడని రాసి మూడుసార్లూ తప్పించుకున్నాను. ఈసారి నిజం రాస్తున్నాను, కోపం వచ్చినా చివరిదాకా చదువు.

ఆఫీసులో నా పని నీకు తెలిసిందే. కంప్యూటర్లు ఒకదాన్నొకటి అంకెలతో గుర్తుపడతాయి. మనం పేరు కొడితే దాని అంకె వెతికి చెప్పే సర్వర్ ఒకటుంటుంది, దాన్నే డీఎన్ఎస్ అంటాం. అది మొరాయిస్తే నెట్ ఉన్నా లేనట్టే. ఆ నెల మొదట్లో అది రోజుకు నాలుగుసార్లు మొరాయించి నా ప్రాణం తీసింది. బావకేమో అర్జంటు రిపోర్టు. సొంత మనిషి కదా అని, ఆయన కంప్యూటర్‌లో మాత్రం ఇంకో పాత సర్వర్ అంకెను చేత్తో కొట్టి పెట్టాను. పని జరిగిపోయింది. అలా చేత్తో మార్చింది ఏదైనా పుస్తకంలో రాసి పెట్టాలని మాలో నియమం. చుట్టరికం చూసి చేసిన పని కాబట్టి రాయలేదు.

రెండు వారాలకు కొత్త సర్వర్ వచ్చింది. ఒక ఉదయం పాతవి రెండింటినీ నా చేతులతోనే ఆపేశాను. మిగతా కంప్యూటర్లన్నీ వాటంతటవే కొత్తదానికి మారాయి, బావది మారలేదు. నాకు గుర్తే లేదు. అది బావ పోయిన రోజక్కా.

మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేశాడు. "ఏం బామ్మర్దీ, నీ చుట్టరికం నా కంప్యూటర్‌కి అచ్చిరాలేదు. మీ అక్కకి జవాబు రాశాను, వెళ్లట్లేదు. ఒకసారి వచ్చి చూడవా?"

ఎప్పుడూ బావగారి సీటుకే ముందు పరిగెడతావని ఆ ఉదయమే ఒకాయన దెప్పాడు. రోషం వచ్చింది. అందుకని ఆ రోజు బావని అందరికన్నా చివర పెట్టాను. ఆపి మళ్లీ వెయ్యి బావా, వస్తున్నా అని చెప్పి పై అంతస్తుకి పోయాను. ఐదు దాటాక వెళ్తే కుర్చీ ఖాళీగా ఉంది. రేపు చూద్దాంలే అనుకున్నాను. అప్పటికే ఆయన బస్టాపులో కూలిపోయాడు.

కబురు అంది నువ్వు వచ్చిన రోజు గుమ్మం పట్టుకుని నాతో అన్నావు. "తిరిగి రమ్మంటావా వద్దంటావా అని రాశానురా. జవాబైనా ఇవ్వకుండా పోయాడు. అంత కోపమన్నమాట నా మీద." జవాబు రాశాడని తెలిసి కూడా నీ సంచి అందుకుని లోపలికి నడిచాను. చెబితే నేను వెళ్లలేదన్న సంగతి కూడా చెప్పాలి కదా.

నిన్ను బస్సెక్కించిన మర్నాడు ఆయన కంప్యూటర్ తెరిచాను. మెయిల్ సర్వర్‌ని అంకెతో పిలిస్తే పలికింది, పేరుతో పిలిస్తే పలకలేదు. సెట్టింగుల్లో నేను కొట్టిన అంకె అలాగే ఉంది. వెళ్లకుండా ఆగిన మెయిళ్లుండే ఔట్‌బాక్స్‌లో ఒకే ఒక్క మెయిల్ ఉంది, నీకు రాసింది.

అది సరిచేయడానికి అర నిమిషం చాలు. చేసిన మరుక్షణం మెయిల్ దానంతటదే నీకు వచ్చేస్తుంది. నువ్వు పాపకి జడ వేస్తుంటేనో, కూరలు తరుగుతుంటేనో, ఫోన్ మీద ఆయన పేరు కనిపిస్తే ఏమైపోతావోనని కేబుల్ పీకేసి ఉంచాను. నెలాఖరుకి ఆ కంప్యూటర్ తుడిచేసి వేరేవాళ్లకి ఇవ్వాలని మేనేజర్ అంటున్నాడు. ఇంక ఆపలేను.

నేను దాన్ని తెరవలేదక్కా. రమ్మన్నాడో వద్దన్నాడో నాకు తెలియదు, అది మీ ఇద్దరి మధ్య మాట. ఈ ఉత్తరం అందాక, నువ్వు కుదురుగా కూర్చున్నాక, పంపమని ఒక్క మాట చెప్పు. నాతో మాట్లాడడం ఇష్టం లేకపోతే పాపతో చెప్పించు. మెయిల్ మీద నేను పంపిన రోజు తేదీ పడుతుందేమో, నమ్మకు. ఆయన రాసింది ఆ రోజు మధ్యాహ్నమే, నువ్వు అడిగినదానికే.

ఇట్లు,
నీ మాట కోసం చూస్తున్న
తమ్ముడు